తప్పిపోతే ఫౌంటెన్ దగ్గర: మాస్కో 'గూమ్'లో ఒక రోజు

మన భిలాయ్ వాసులకు రష్యా పరదేశమే కాని పరాయి దేశం కాదు. 1955 ఫిబ్రవరి 2న న్యూఢిల్లీలో భారత, సోవియట్ ప్రభుత్వాల నడుమ ఉక్కు కర్మాగార నిర్మాణానికి ఒడంబడిక కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న ఆనాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజులలోను, అటుపిమ్మట విస్తరణ జరిగిన ప్రతి దశలోను సోవియట్ నిపుణులు సకుటుంబంగా మన సెక్టార్లలో కాపురాలుండి, మన బజార్లలో కూరగాయలు బేరమాడారు. కూరలమ్మే అవ్వలు సైతం రష్యన్ భాషలో అంకెలు చెప్పేవారని పెద్దలు ఇప్పటికీ ముచ్చటగా తలచుకుంటారు. ఆ స్నేహానికి గుర్తుగా 1972లో వెలసిన మైత్రీ బాగ్‌లో ఆడుకోని పిల్లలు ఈ ఊరిలో లేరు.

మా ఇంట ఆ స్నేహం మరొక రూపంలో నిలిచిపోయింది. "తప్పిపోతే ఫౌంటెన్ దగ్గర" అన్నది మా ఇంటి సామెత. సుపేలా ఆదివారం సంతకు బయలుదేరినా, బాలాజీ మందిరంలో ఉత్సవానికి వెళ్ళినా నాన్నగారు ముందుగా ఒక చెట్టునో, ఒక అరుగునో చూపించి, "ఇదే మన ఫౌంటెన్. తప్పిపోయినవాళ్ళు వెదుకుతూ తిరుగకూడదు. వచ్చి ఇక్కడ నిలబడాలి" అని హెచ్చరించేవారు. నీటిచుక్క లేని ఆ ఫౌంటెన్ల వెనుక నిజమైన ఫౌంటెన్ ఒకటి ఉన్నది. అది మాస్కో నగరంలో, ఎఱ్ఱ మైదానం ప్రక్కన, 'గూమ్' అనే ప్రఖ్యాత అంగళ్ళ భవనం నడిబొడ్డున ఉన్నది. 2019 సెప్టెంబరులో దానిని కన్నులారా చూచే అవకాశం మాకు లభించింది. ఆ విశేషాలను మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

ముందుగా నాన్నగారి కథ చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా నుండి ఉద్యోగార్థం భిలాయ్ చేరిన వేలాదిమందిలో ఆయన ఒకరు. కర్మాగారాన్ని నలభై లక్షల టన్నుల స్థాయికి విస్తరించే రోజులలో ఆయనను కొన్ని నెలల శిక్షణకు సోవియట్ యూనియన్ పంపించారు. 1979 జనవరిలో తిరుగు ప్రయాణానికి ముందురోజు సహచరులతో కలిసి గూమ్‌కు వెళ్ళారు. రూబుళ్ళను దేశం దాటించరాదని ఆనాటి నిబంధన. కాబట్టి చేతిలో మిగిలిన సొమ్మంతా అక్కడే ఖర్చుచేయాలి. కొందరు కెమెరాలు, కొందరు సమోవార్లు, కొందరు బొమ్మలో బొమ్మ ఇమిడే మత్ర్యోష్కలు కొన్నారట. నాన్నగారు మాత్రం అమ్మగారికి ఒక ఉన్ని శాలువ కొనాలని తలచారు.

సోవియట్ దుకాణాలలో కొనుగోలంటే మూడు వరుసల వ్యవహారం. మొదటి వరుసలో నిలబడి వస్తువు చూచి ధర తెలుసుకోవాలి. రెండవ వరుసలో నిలబడి సొమ్ము చెల్లించి చీటీ తీసుకోవాలి. మూడవ వరుసలో చీటీ చూపి వస్తువు పుచ్చుకోవాలి. డబ్బు తీసుకునే ఆమె కొయ్య చట్రంలోని పూసలను టకటక జరిపి లెక్క చెప్పేదట. మూడు వరుసలూ ముగిసి, నల్లని నేలపై ఎఱ్ఱ గులాబీలున్న శాలువ చేతికి వచ్చేసరికి చుట్టుప్రక్కల మనవారెవరూ లేరు. వెంట వచ్చిన దుబాసీ చెప్పిన మాట ఒక్కటే ఆయనకు గుర్తున్నది: తప్పిపోతే ఫౌంటెన్ దగ్గర. వెళ్ళి నిలబడ్డారు. రెండు గంటలు నిలబడ్డారు. చివరకు దుబాసీ వచ్చి చేయి పట్టుకొని తీసుకువెళ్ళాడు. మిగిలిన వారంతా మూడు అంతస్తులూ గాలిస్తూ ఒకరినొకరు పోగొట్టుకున్నారట.

అప్పటికి మా వయస్సు ఎనిమిదేళ్ళు. ఆ కథను అటుపిమ్మట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. "నిన్నొకసారి అక్కడికి తీసుకువెళతాను" అని నాన్నగారు అమ్మగారితో అంటూండేవారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఊళ్ళో ఇల్లు కట్టుకోవటం, వీటి నడుమ ఆ మాట వాయిదా పడుతూ వచ్చింది. 2011లో ఆయన కాలం చేశారు. ఎనిమిదేళ్ళ తరువాత, డెబ్బయ్యవ ఏట, అమ్మగారు పెట్టె అడుగునుండి ఆ శాలువ తీసి, కర్పూరపు వాసన పోయేందుకు ఎండలో వేశారు. మేము, మా శ్రీమతి, అమ్మగారు, ముగ్గురము రాయపూర్ నుండి ఢిల్లీకి, ఢిల్లీనుండి ఆరు గంటల పైచిలుకు విమాన ప్రయాణంతో మాస్కోకు చేరుకున్నాము.

మరునాడు ఉదయం భూగర్భ రైలులో 'విప్లవ మైదానం' స్టేషనులో దిగాము. 1938లో తెరచిన ఆ స్టేషను ఒక శిల్పశాల. కమానుల క్రింద కార్మికులు, రైతులు, సైనికులు, విద్యార్థులు కంచు విగ్రహాలై కూర్చున్నారు. సరిహద్దు సైనికుని కుక్క ముక్కును తాకితే శుభమని నగరవాసుల నమ్మకం. వేలాది చేతుల రాపిడికి ఆ ముక్కు పసిడివలె మెరుస్తున్నది. అమ్మగారు కూడ తాకి కళ్ళకద్దుకున్నారు.

పైకి వచ్చి నాలుగడుగులు నడిస్తే ఎఱ్ఱ మైదానం. దానికి ఆ పేరు పెట్టిన పాత రష్యన్ మాటకు 'అందమైన' అని కూడ అర్థమున్నది. పడమట క్రెమ్లిన్ గోడ, దాని ముందు లెనిన్ సమాధి మందిరం, దక్షిణాన రంగురంగుల గుమ్మటాల సెయింట్ బాసిల్ చర్చి. తూర్పున, సమాధికి ఎదురుగా, 242 మీటర్ల పొడవున చాచుకొని ఉన్న రాతి భవనమే గూమ్. చూపునకు అది రాజప్రాసాదమో, రైల్వే స్టేషనో అనిపిస్తుంది కాని అంగడి అని తోచదు.

ఈ స్థలంలో వర్తకం శతాబ్దాలనాటిది. 1812లో నెపోలియన్ దండయాత్రనాడు మాస్కో తగులబడిన తరువాత ఇక్కడ అంగళ్ళ వరుసలను తిరిగి కట్టారు. అవి కూడ శిథిలమైనాక 1890 నుండి 1893 వరకు మూడేళ్ళలో ప్రస్తుత భవనం వెలసింది. నాటి పేరు 'ఎగువ వర్తక శ్రేణులు'. రూపకల్పన చేసినవాడు అలెగ్జాండర్ పొమెరాంత్సెవ్ అనే వాస్తుశిల్పి. గాజు కప్పు నిర్మించినవాడు వ్లదీమిర్ షూహొవ్ అనే ఇంజనీరు. 1917 నాటికి ఇందులో సుమారు 1,200 దుకాణాలుండేవి.

వీధికి కప్పు వేసి, ఇరుప్రక్కల అంగళ్ళు పెట్టి, ఎండకు వానకు జంకకుండ జనం తిరిగేటట్లు చేయటం యూరపులో పందొమ్మిదవ శతాబ్దపు పోకడ. లండన్‌లోని బర్లింగ్టన్ ఆర్కేడ్ 1819 నాటిది. ఇటలీలో మిలాన్ నగరపు గల్లేరియా 1877లో పూర్తి అయినది. మనకు దగ్గరి పోలిక కావాలంటే హైదరాబాదులోని పత్తర్‌గట్టీని తలచుకోవచ్చు. 1908 మూసీ వరదల తరువాత నగరాభివృద్ధి సంస్థ చార్మినార్ బాటలో కట్టించిన ఆ రాతి కమానుల వరుస క్రింద నడిచేవారికి మధ్యాహ్నపుటెండ తగలదు. అక్కడి శత్రువు ఎండ, ఇక్కడి శత్రువు మంచు. ఉపాయం మాత్రం ఒక్కటే.

లోపల అడుగుపెట్టగానే మేము ముగ్గురము తలలెత్తి నిలబడిపోయాము. మూడు వీధులు సమాంతరంగా సాగిపోతున్నవి. ఒక్కొక్కటి మూడు అంతస్తులు. ఇరుప్రక్కల మేడలను కలుపుతూ గాలిలో చిన్న చిన్న వంతెనలు. వాటన్నిటి మీదుగా ఈ కొసనుండి ఆ కొస వరకు గాజు ఆకాశం. శరత్కాలపు లేత వెలుగు ఆ వేలాది గాజు పలకలలో జల్లెడపట్టినట్లు క్రిందికి దిగుతున్నది.

ఉక్కు ఊరివారము కనుక మా కన్ను గాజుమీద కన్న ఇనుముమీదనే ఎక్కువసేపు నిలిచింది. కమాను కట్టినవారికి తెలిసిన బాధ ఒకటున్నది. పైన బరువు పడినప్పుడు కమాను తన రెండు కాళ్ళనూ బయటికి తన్నుతుంది. పూర్వులు ఆ తన్నును ఆపటానికి గోడలను లావుగా కట్టేవారు. షూహొవ్ వేరొక దారి పట్టాడు. విల్లు వంగి నిలిచేది దాని బలంతో మాత్రమే కాదు, అల్లెత్రాటి బిగువుతో కూడ. అదే విధంగా సన్నని ఇనుప కమానుల కొసలనుండి వ్రేలికంటె కొంచెమే లావుగా తోచే ఊచలను లాగి బిగించి, కమాను చెదరకుండ పట్టి ఉంచాడు. క్రిందినుండి చూస్తే సాలెగూడు పోగులవలె కనబడతాయి. ఆ పోగులే 1893 నుండి ఏటేటా మాస్కో మంచును మోస్తున్నవి.

ఈ కప్పుకు పట్టిన లోహం ఏడెనిమిది వందల టన్నులని చెబుతారు. మన భిలాయ్‌లో ఒక్క బ్లాస్ట్ ఫర్నేసు ఒక్కరోజులో ఇంతకంటె ఎక్కువ ఇనుము కరిగిస్తుంది. రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసిన మాకు ఆ లెక్క ఒక విచిత్రమైన సంతోషాన్ని కలిగించింది. టన్నులలో లేని గొప్పతనం ఆ టన్నులను వాడిన తీరులో ఉన్నది. ఆ ఇనుమును కాచినవారి, సాగదీసినవారి, బోల్టులు బిగించినవారి పేర్లు ఏ ఫలకంమీదా లేవు. అయినా వారి పని మా తలలమీద నిలిచియున్నది. మన కర్మాగారపు పట్టాలమీద ప్రయాణించేవారికి మనమెవరమో తెలియనట్లే!

ఈ భవనపు చరిత్ర దాని గాజంత పెళుసైనది. విప్లవానంతరం దీనిని ప్రభుత్వం స్వాధీనపరచుకొని 'ప్రభుత్వ సర్వ వస్తు విక్రయశాల' అని అర్థం వచ్చేటట్లు పేరు మార్చింది. గూమ్ అన్నది ఆ రష్యన్ పేరుకు పొడి అక్షరాలు. 1928 ప్రాంతంలో అంగళ్ళకు బదులు మొదటి పంచవర్ష ప్రణాళికకు చెందిన కార్యాలయాలు ఇందులో వెలిశాయి. 1934లో ఎఱ్ఱ మైదానంలో భారీ పరిశ్రమల మంత్రిత్వ శాఖకు ఒక మహాభవనం కట్టాలని రూపకల్పనల పోటీ నిర్వహించారు. అది కట్టియుంటే గూమ్ నేలమట్టమయ్యేది. భారీ పరిశ్రమ కొరకు ఇంత సుకుమారమైన ఇనుప పని కూలిపోవలసి వచ్చేదంటే మనవంటివారికి నవ్వూ వస్తుంది, గుండె ఝల్లుమంటుంది. ఆ భవనం కాగితాలమీదనే ఉండిపోయింది. 1953లో గూమ్ తిరిగి దుకాణంగా తెరుచుకొన్నది. కొరతల కాలంలోనూ ఇక్కడ సరుకు దొరుకుతుందని దూరప్రాంతాల జనం వచ్చేవారు. ఒక్కొక్కప్పుడు వరుస ఎఱ్ఱ మైదానంలోకి సాగేది. నాన్నగారు చూచినది ఆ గూమ్.

మేము చూచినది మరొక గూమ్. సోవియట్ యూనియన్ అంతరించిన తరువాత అది ప్రయివేటు చేతులలోకి పోయింది. ప్యారిస్, మిలాన్ నగరాల ఖరీదైన కంపెనీల అద్దాల గదులు వరుసగా వెలిశాయి. అమ్మగారు ఒక అద్దంలోని చేతిసంచి ధర ఎంతని అడిగారు. చెప్పాము. "ఆ డబ్బుతో మనూళ్ళో రెండు పాడి గేదెలు వస్తాయి" అన్నారు. నాన్నగారు శాలువ కొన్న అంగడి ఏదో తెలుసుకోవాలని ఆమె కోరిక. పేరు లేదు, నంబరు లేదు. అడుగుదామంటే భాష లేదు. "ముందు ఫౌంటెన్ చూద్దాం నాయనా" అన్నారు. మాకేమో కప్పును దగ్గరగా ఫోటో తీయాలని ఆత్రం. "పై అంతస్తుకు వెళ్ళి పదినిముషాలలో వస్తాము, అక్కడికే తీసుకువెళతాము" అని అమ్మగారిని ఒక బల్లమీద కూర్చోబెట్టి, మేమిద్దరము మెట్లెక్కాము.

పై వంతెనలమీదుగా ఒక వీధినుండి మరొక వీధికి తిరిగి, ఫోటోలు తీసి, దిగివచ్చి చూస్తే బల్ల ఉన్నది, అమ్మగారు లేరు.

ఆమె వద్ద ఫోను లేదు. హోటలు పేరు వ్రాసిన చీటీ మా జేబులో ఉన్నది. ఆ క్షణంలో మా కాళ్ళలో సత్తువ పోయింది. మేము ఒకవైపునకు, మా శ్రీమతి మరొకవైపునకు పరుగెత్తాము. కాపలావానికి శాలువను చేతులతో అభినయించి చూపాము. అతడు తల అడ్డంగా ఊపాడు. మూడు వీధులూ ఒక్క అచ్చులో పోసినట్లున్నవి. ఎన్నిసార్లు ఏ వీధిలో తిరిగామో తెలియలేదు. ముప్పావు గంట గడిచింది. చివరకు మా శ్రీమతి ఆయాసపడుతూ ఎదురై, "అత్తయ్యగారు ఫౌంటెన్ దగ్గర ఉంటారేమో, చూశారా?" అన్నది.

మేము చూడలేదు. జీవితమంతా విన్న మాట, అవసరమైన ఒక్కనాడు మాకు జ్ఞాపకం రాలేదు.

నడిమి వీధిలో, గాజు గుమ్మటం క్రింద ఫౌంటెన్ ఉన్నది. 1906 నుండి ఆ చోట ఫౌంటెన్ ఉన్నదని తరువాత తెలిసింది. ఆ రోజులలో వేసవి పంటకు గుర్తుగా నీటినిండా పుచ్చకాయలు తేలవేశారు. పచ్చని ఆ కాయల ప్రక్కన, గులాబీల శాలువ కప్పుకొని, అమ్మగారు నింపాదిగా కూర్చుని ఉన్నారు. ఆమె చెంత ఒక రష్యన్ ముసలమ్మ. ఆమె అమ్మగారి శాలువ అంచును చేతిలోకి తీసుకొని ఏదో చెబుతున్నది. మాకు అందులో 'పావ్లొవ్‌స్కీ పొసాద్' అన్న మాట ఒక్కటే అర్థమయినది. మాస్కోకు తూర్పున అటువంటి శాలువలకు పేరొందిన ఊరది. అమ్మగారు భిలాయ్‌లో ఇరుగుపొరుగు సోవియట్ ఇల్లాండ్ర వద్ద నేర్చిన 'ఖరషో', 'స్పసీబా' అన్న రెండు మాటలతోనే సంభాషణ నడుపుతున్నారు.

మమ్మల్ని చూచి అమ్మగారు లేవలేదు. "పది నిముషాలన్నారు, అరగంటయినా రాలేదు. మీరిద్దరూ తప్పిపోయారనుకున్నాను. తప్పిపోయినవాళ్ళు ఇక్కడికే రావాలి కదా అని వచ్చి కూర్చున్నాను" అన్నారు. ఆలోచించి చూస్తే, ఆమె చెప్పినదే నిజం. మేము దిగినది వేరొక వీధిలో, చూచినది వేరొక బల్ల. తప్పిపోయినది అమ్మగారు కాదు, మేము.

"నలభై ఏళ్ళ క్రితం మీ నాన్నగారు ఇక్కడే నిలబడి ఉంటారు. రెండు గంటలు నిలబడ్డానని ఆయనంటే, కథ కోసం పెంచి చెబుతున్నారనుకునేదాన్ని" అని అమ్మగారు ఒక్క క్షణం నీటివైపు చూచారు. మేము బదులు చెప్పలేకపోయాము. ఆయన తీసుకువెళతానన్న చోటికి ఆమె చివరి నాలుగడుగులూ ఒంటరిగానే నడిచి చేరుకున్నది. అంగడి ఏదన్న ప్రశ్న ఆమె మళ్ళీ అడుగలేదు.

మధ్యాహ్నం పై అంతస్తులోని 57వ నంబరు భోజనశాలకు వెళ్ళాము. సోవియట్ కాలపు క్యాంటీన్ల పద్ధతిలో పళ్ళెం పట్టుకొని వరుసలో సాగుతూ కావలసినవి ఎంచుకోవాలి. మన కర్మాగారపు క్యాంటీనే గుర్తుకు వచ్చింది. శాకాహారులమైన మాకు బీట్‌రూట్ కూర, ఉడికించిన బంగాళాదుంపలు, రొట్టె దొరికినవి. ఆపైన గూమ్ ప్రసిద్ధ ఐస్‌క్రీం. నాన్నగారు దానిని గడ్డకట్టే చలిలో వీధిలో నిలబడి తిన్నానని చెప్పేవారు. అమ్మగారు సగం తిని, "ఆయన చెప్పినంత గొప్పగానే ఉన్నది" అన్నారు. సాయంత్రం వెలుపలికి వచ్చేసరికి భవనపు అంచులన్నిటా విద్యుద్దీపాలు వెలిగి, దీపావళి నాటి మన ఇళ్ళవలె కనుపండువు చేసింది.

మా ప్రయాణం తరువాత గూమ్ మరొకసారి మారింది. 2022లో యుద్ధం ఆరంభమైన పిమ్మట మేము చూచిన పాశ్చాత్య కంపెనీలలో అనేకం రష్యాలో తమ దుకాణాలను మూసివేశాయి. వర్తకుల అంగళ్ళు, ప్రణాళికా కార్యాలయాలు, ప్రభుత్వ విక్రయశాల, విలాస వస్తువుల విడిది, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, పోయాయి. కప్పు నిలిచింది. అంగడికి వచ్చినవారు కొన్నదేమిటో, కొనలేనిదేమిటో కాలం గుర్తుంచుకోదు. మనిషికోసం మనిషి వేచియుండదగిన చోటు ఒకటి అక్కడ ఉన్నదన్నది మాత్రం తరాలకు గుర్తుంటుంది.

భిలాయ్‌లో కూడ కాలం మారుతున్నది. మా చిన్ననాటి ఇరుగుపొరుగులో అనేకులు పదవీ విరమణ చేసి స్వస్థలాలకు తరలిపోయారు. పిల్లలు బెంగుళూరు, హైదరాబాదు, అమెరికా చేరారు. వారెప్పుడైనా తిరిగివచ్చి, పాత సెక్టారు వీధిలో దారి తప్పినట్లు నిలబడితే, గుర్తుపట్టి పలుకరించేవారు ఒకరు అక్కడ ఉండాలి. ఆ పని మాత్రం ఉక్కుతో అయ్యేది కాదు.

ఇప్పుడు ఆదివారం సంతకు వెళ్ళేటప్పుడు మా మనుమరాలికి చోటు చూపించే బాధ్యతను అమ్మగారు తీసుకున్నారు. వేపచెట్టు క్రింద నిలబడి, "తప్పిపోతే?" అని అడుగుతారు. పాప ఠక్కున జవాబు చెబుతుంది. ఆ పిల్లకు మాస్కో ఎక్కడున్నదో ఇంకా తెలియదు.